ఆరో ఆవిడ

మొన్న పప్పు తాలింపు వేస్తూ టీవీ పెడితే, లండన్‌లో ఇన్నేళ్ళయినా దొరకని ఆ హంతకుడి గురించి మళ్ళీ ఏదో కార్యక్రమం వస్తోంది. విక్టోరియా రాణి కాలంలో చీకటి సందుల్లో ఆడవాళ్ళను చంపుకుంటూ పోయిన ఘనుడు. ఇద్దరు పెద్దమనుషులు కుర్చీల్లో చేరగిలబడి, ఫలానా ఆవిడను చంపింది కూడా వాడేనా కాదా అని తీరిగ్గా వాదించుకుంటున్నారు. ఆవిడ పేరు వినగానే చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆవాలు మాడిపోయాయి. ఆవిడ నాకు తెలుసు మరి. ఒక సాయంత్రం మా అమ్మాయి ఆవిడ వేషం వేసింది.

మేం అమెరికాలో షాంటిలీకి వచ్చిన కొత్తలు. పెళ్ళికైనా పేరంటానికైనా అందరి చేతుల్లోనూ క్యామ్‌కార్డర్లు ఉండే రోజులు. పిల్ల తొమ్మిదో క్లాసు. అక్టోబరులో లైబ్రరీలో పిల్లల క్లబ్బు వాళ్ళు మైనపు బొమ్మల ప్రదర్శన పెట్టారు. మైనమూ లేదు, పాడూ లేదు. పిల్లలే వేషాలు వేసుకుని బొమ్మల్లా బిగుసుకుని నిలబడతారు. వాళ్ళ ముందు నేల మీద ఎర్ర కాగితం గుండ్రంగా కత్తిరించి అంటిస్తారు. అదే మీట. ఎవరైనా దాన్ని తొక్కితే బొమ్మకు ప్రాణం వచ్చి తన కథ చెబుతుంది. తొక్కకపోతే నోరు విప్పకూడదు. మా పిల్ల వారాల తరబడి అద్దం ముందు నిలబడి ఇంగ్లీషులో ఏదో అప్పజెప్పుకునేది. ఏం వేషమే అంటే "విక్టోరియన్ లేడీ, అమ్మా" అని మొదలుపెట్టి ఇంకా ఏదో చెప్పింది గానీ, లేడీ అన్న మాట దగ్గరే నా చెవులు ఆగిపోయాయి. పరుగెత్తుకెళ్ళి లేసు కొనుక్కొచ్చాను. "లేస్ వద్దు. పాత షాల్ ఉందా? హోల్స్ ఉన్నా ఓకే," అంది. దొరసానికి చిరుగుల శాలువా ఏమిటో అనుకుంటూనే ఇచ్చి, తెలిసిన ప్రతి ఇంటికీ ఫోన్ చేసి పిలిచాను. అందరూ దిగారు, కొందరు పట్టుచీరల్లో కూడా.

వాళ్ళందరికీ పెద్ద మా బావగారు, అంటే మా అక్క భర్త. గుంటూరు మనిషి, గొంతు గట్టిది. అన్యాయం కనపడితే ఊరుకోరు, కనపడకపోతే వెతుక్కుంటారు. వాళ్ళకు పిల్లల్లేరు. మా అమ్మాయంటే ఆయనకు పంచప్రాణాలు.

లైబ్రరీ హాలు మధ్య, మంచి వెలుతురులో, అయిదుగురు తెల్లపిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. మా పిల్ల ఏదీ? వెతగ్గా వెతగ్గా, మంచినీళ్ళ కుళాయి దాటాక, బాత్రూముకు వెళ్ళే మలుపులో కనిపించింది. మెళ్ళో అట్ట, దాని మీద ఆవిడ పేరు, పేరు పక్కన పెద్ద ప్రశ్నార్థకం.

"చూశావటమ్మా! మన పిల్ల కాబట్టే ఇక్కడ పడేశారు. ఉండు, వీళ్ళ సంగతి చెప్తా," అంటూ బావగారు లైబ్రేరియన్ మీదికి వెళ్ళారు. ఆ పెద్దావిడ ఓపిగ్గానే చెప్పింది. ఈ వేషాలన్నీ ఆ లండన్ హంతకుడు చంపిన ఆడవాళ్ళవట. గొంతు కోసి చంపిన ఆ అయిదుగురూ వాడి చేతుల్లో పోయినవాళ్ళేనని అందరూ ఒప్పుకుంటారట. ఈవిడవి కత్తిపోట్లు, పద్ధతి వేరు, అందుకని అనుమానమట. బావగారు వింటేగా! చచ్చిపోయిందా లేదా, చంపారా లేదా, మరి డౌటేమిటి, వరసలో పెట్టండి అని ఇంగ్లీషులో గద్దించారు. మావాళ్ళంతా వెనకనుంచి తలలూపారు. నాకైతే గర్వంగా కూడా అనిపించింది.

ఇంతలో మాలో ఒకాయన, ఇంతకీ ఈవిడ రాజుల బంధువా అని అడిగాడు. కాదు, వీధుల్లో చిల్లర సామాన్లు అమ్ముకునేది, తాగేది, గడవని రాత్రుల్లో మగవాళ్ళతో వెళ్ళేది అని లైబ్రేరియన్ చెప్పింది.

అంతే. ఎవరో క్యామ్‌కార్డర్ మూసేశారు. "పోన్లెండి వదినగారూ, మూలగానే ఉందిగా, ఎవరూ చూడర్లెండి," అని ఒకావిడ నన్ను ఓదార్చింది. బావగారు నేల చూపులు చూస్తూ "ఓకే మేడమ్, అక్కడే ఉండనివ్వండి," అని తప్పుకున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. అప్పటికి ఆ సిగ్గు వేషం గురించే. నిజానికి ఆ అయిదుగురివీ ఇంచుమించు అలాంటి బతుకులే. కానీ వాళ్ళు పరాయివాళ్ళ పిల్లలు కదా, మావాళ్ళు వెళ్ళి వాళ్ళ మీటలు తొక్కి, విని, చప్పట్లు కూడా కొట్టారు. మలుపులో ఉన్న పిల్లకు ఇదంతా వినపడింది. బొమ్మ కదా, కదలకూడదు. కళ్ళు మాత్రం టపటపలాడుతున్నాయి. నేను పుస్తకాల అర పక్కన నిలబడి ఏదో పుస్తకం తిరగేస్తున్నాను.

లైబ్రరీ మూసే వేళయిందని మైకులో చెప్పాక బావగారు ఒక్కరే వెనక్కి వచ్చారు. కాగితం మీద కాలు పెట్టడం ఆయన వల్ల కాలేదు. మనకు సరస్వతి కదా. గోడ పట్టుకుని, నొప్పుల మోకాళ్ళు వంచి, నేల మీద కూలబడి, ఆ ఎర్ర కాగితాన్ని అరచేత్తో నొక్కారు. నేనున్న చోటినుంచి చూస్తే పిల్ల కాళ్ళకు దణ్ణం పెడుతున్నట్టే ఉంది.

బొమ్మకు ప్రాణం వచ్చింది. నాకు ఇద్దరు కొడుకులు, అంది. ఆ రాత్రి మెట్ల మీద పడి ఉన్నాను, అంది. ఇంటికెళుతున్న ఒకాయన నన్ను చూశాడు, ఎవరో తాగి నిద్రపోతోందనుకుని దాటుకుని వెళ్ళిపోయాడు, అంది.

"తప్పయిందమ్మా," అన్నారు బావగారు.

పిల్ల బొమ్మవేషం మరిచి గబుక్కున వంగింది. "పెద్దనాన్నా, మోకాలు! పట్టుకో నన్ను," అంటూ ఆయన్ను లేపింది. ఆయన భుజం మీంచి నన్ను చూసింది.

"అమ్మా, నువ్వు విన్నావా?"

"విన్నానే."

"అక్కణ్ణించా?"

దానిలో కోపం లేదు, ఊరికే అడిగింది. బావగారు పోయారు, పిల్ల పెద్దదై తన సంసారంలో పడింది, ఆ సాయంత్రం దానికి గుర్తుందో లేదో అడిగే ధైర్యం నాకు లేదు. కాలం గడిస్తే ఏ సిగ్గయినా మాసిపోతుందంటారు గానీ, ఆ పుస్తకాల అరకూ మా పిల్లకూ మధ్య ఉన్న కాస్తంత దూరం మాత్రం నాకు ఏటికేడాదీ పెరుగుతూనే ఉంది.