పేరయ్య తుపాకీల్లో గాలి

మా ఆయన పేరయ్యకి కోపం ముక్కు మీదుండేది. ఉయ్యూరు చెరకు ఫ్యాక్టరీలో పంపుల దగ్గర ఎనిమిదేళ్లు ఫిట్టరుగా చేసి, పైవాడితో మాటా మాటా వచ్చి బయటికొచ్చేశాడు. కోపం కూడు పెట్టదు కదా. విజయవాడ వెళ్లి మూడు పాత గాలి తుపాకులు తెచ్చి, తిరునాళ్లలో బుడగలు కొట్టించే కొట్టు పెట్టాడు. బుడగలు ఊది బల్లకి కట్టే పని నాది.

ఆ తుపాకుల సంగతి చెప్పాలి. లోపల ఒక స్ప్రింగు, దాని ముందు తోలు వాషరు. స్ప్రింగు వదలగానే వాషరు గాలిని తోస్తుంది, గాలి సీసపు గుండుని తోస్తుంది. వాషరు నువ్వుల నూనెలో నానితే గాలి ఎటూ తప్పించుకోదు. గుండు రివ్వున పోతుంది. ఆయన బట్టల సబ్బు బిళ్లలోకి కాల్చి, ఆ చిల్లులో చీపురుపుల్ల దూర్చి, ఎంత దిగిందో గోటితో కొలిచేవాడు. మూడుసార్లు కాలిస్తే మూడుసార్లూ ఒకే లోతు. అది ఆయన సొంత తుపాకీ.

జనానికిచ్చే రెండింటికీ వాషరు అంచుని బ్లేడుతో గీసి, ఎండబెట్టి బిగించేవాడు. ఒక దెబ్బకి గాలి నిండుగా వస్తుంది, ఇంకో దెబ్బకి సగం కారిపోతుంది. "అన్నీ కిందికే పోతే మూడో దెబ్బకి పైకి గురిపెడతారే పిచ్చిదానా! పైకొకటి, కిందికొకటి పోతే తమ చెయ్యే వణికిందనుకుంటారు" అని నవ్వేవాడు. నేనూ నవ్వాను. అబద్ధమెందుకు?

ఎవడైనా "తుపాకీలో లోపముంది" అంటే, "ఇటివ్వండి" అని తీసుకుని, గుండ్ల డబ్బా కోసం వంగినట్టు బల్ల కిందికి వంగి, అచ్చం అలాగే ఉండే తన తుపాకీతో పైకి లేచేవాడు. టప్, టప్, టప్. అడిగినవాడు తన చేతినే తిట్టుకుంటూ వెళ్లిపోయేవాడు.

డెబ్బయి రెండులో, పాకిస్తానుతో యుద్ధం అయిన రెండు నెలలకి, మా ఊరి వీరమ్మ తల్లి తిరునాళ్లకి గంగరాజు వచ్చాడు. మా వీధి చివరి నాంచారమ్మ కొడుకు. మిలిటరీ. కుడి ముంజేతిలో తూటా దిగితే ఆస్పత్రిలో తీసి, కుట్లు మానాక సెలవిచ్చి పంపారు. వెనక్కి వెళ్లగానే మళ్లీ తుపాకీ పట్టగలడో లేడో పరీక్ష పెడతారని వీధంతా తెలుసు. వాడికి ఆ కొలువంటే ప్రాణం. "చెయ్యి ఎలా ఉందో చూసుకుంటాను బాబాయ్" అని మా కొట్టు ముందు నిలబడ్డాడు. వెనక యాభై మంది చేరారు.

మా ఆయన అలవాటుగా జనానికిచ్చే తుపాకీ అందించాడు. మనవాడన్న మాట ఆ సందట్లో తట్టలేదు. పది దెబ్బలకి రెండు బుడగలు పగిలాయి. గంగరాజు తన చెయ్యి వంక చూసుకున్నాడు.

"తుపాకీ బాగానే ఉందా బాబాయ్?"

అప్పుడైనా చెప్పొచ్చు. అంతమందిలో చెబితే కొట్టు ఎత్తేయాలి, పైగా వీపు విమానం మోత మోగుతుంది. మా ఆయన వంగాడు, లేచాడు. టప్, టప్, టప్. జనం చప్పట్లు కొట్టారు.

"అయితే లోపం చేతిలోనే" అన్నాడు గంగరాజు.

నేను బుడగ ఊదుతున్నాను. నోట్లో బుడగ ఉండబట్టి మాట్లాడలేకపోయానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. సిగ్గులేని మాట.

ఇంటికొచ్చాక "వెళ్లి చెప్పయ్యా" అన్నాను. "తిరునాళ్ల అయిపోనీ" అన్నాడు. మర్నాడూ అదే మాట. వీధిలో వాడి అలికిడి వినబడితే ఇద్దరం వంచిన తల ఎత్తేవాళ్లం కాదు. ఐదోరోజు వాడు బెజవాడ వెళ్లి రైలెక్కాడు.

వేసవిలో పెట్టె, పరుపుచుట్టతో తిరిగొచ్చేశాడు. పరీక్షకి వెళ్లనే లేదట. గురి తప్పే చేత్తో పక్కవాడి ప్రాణం మీదికి తేవడం ఇష్టంలేక, తనే కొలువు వద్దని కాగితం రాసిచ్చాడట. ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా పనికి కుదిరాడు. కొడుకు క్షేమంగా ఇల్లు చేరాడని నాంచారమ్మ మాకూ ఓ గిన్నెడు చేపల పులుసు తెచ్చిపెట్టింది. మా ఆయన కంచం ముందు కూర్చున్నాడు గాని కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. "ఇక నావల్ల కాదు రత్తమ్మా" అని లేచాడు.

సొంత తుపాకీ పట్టుకుని ఆ ఇంటికి వెళ్లాం. దొడ్లో దడికి ఐదు బుడగలు కట్టాను. "ఒక్కసారి కొట్టు నాయనా" అన్నాడు మా ఆయన. గంగరాజు వద్దన్నాడు. బతిమాలితే అందుకున్నాడు. ఐదుకి ఐదూ పగిలాయి.

"నయమైపోయింది బాబాయ్!" అన్నాడు వాడు, మొహమంతా వెలిగిపోతూ.

ఆ సంతోషం చూసి మా ఆయన నేలమీద కూలబడ్డాడు. వాషరు గీసిన సంగతి, బల్ల కింద తుపాకీ మార్చిన సంగతి, అంతా చెప్పేశాడు. కాళ్లు పట్టుకోబోతే గంగరాజు వెనక్కి జరిగాడు.

తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండుననుకున్నాను. వాడు తుపాకీని గోడకి ఆనించి, "పొట్టకూటి కోసం ఏవో చేస్తారు, అది సరేలే బాబాయ్" అన్నాడు. నావైపు తిరిగాడు.

"కానీ పిన్నీ, ఆ తరవాత నేనింకా నాలుగు రోజులు ఊళ్లోనే ఉన్నాను. రోజూ మీ గుమ్మం ముందునుంచే వెళ్లాను. ఒక్కసారి పిలవలేకపోయారా?"