యాభై రెండు సెకన్ల ఘనకార్యం

తాండూరులో బండలు కోసి పాలిష్ పట్టే యూనిట్‌లో కొలతలు రాయడం నా పని. వికారాబాద్ నుంచి పొద్దున రైల్లో పోయి సాయంత్రం రైల్లో వస్తాను. చదువు పదో తరగతితో ఆగింది. అయినా బండను చూడగానే ఎన్ని చదరపు అడుగులో చెప్పగలను. చెప్పాక టేపు పెట్టి మళ్లీ కొలుస్తాను, ఎందుకంటే నన్ను నేను అంతగా నమ్మను. ఇంత జాగ్రత్త గల మనిషిని కాబట్టే ఈ సంగతి చెప్పుకోవడానికి కాస్త సిగ్గు.

మా బిడ్డ ఇంటీరియర్ డిజైన్ చదివింది. హైదరాబాద్‌లో ఒక ఆఫీసువాళ్లు, తను గీసిన ఇంట్లో మనం తిరుగుతున్నట్టుండే ముప్పై సెకన్ల వీడియో పంపితే ఉద్యోగం సంగతి చూస్తామన్నారు. గడువు ఆదివారం సాయంత్రం ఐదు. సెకనుకు ఇరవై నాలుగు బొమ్మల చొప్పున మొత్తం ఏడు వందల ఇరవై. మా ఇంటి కంప్యూటర్ ఒక్కో బొమ్మ తయారు చేయడానికి నిమిషం తీసుకుంటుంది. అంటే పన్నెండు గంటలు. మా బిడ్డేమో ఎంత తొందరపడి గీసినా ఆదివారం పొద్దున ఆరుకు ముందు మొదలుపెట్టలేనంది. అప్పుడు సాయంత్రం ఆరవుతుంది. గంట ఆలస్యం.

ఆ గంట నేను సంపాదించి పెడతానన్నాను.

ప్రాసెసర్‌ను దాని మామూలు వేగానికి మించి పరిగెత్తించడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారని వీడియోల్లో చూసి ఉన్నాను. వేగం పెంచితే వోల్టేజీ చాలక మిషన్ ఆగిపోతుంది. వోల్టేజీ పెంచితే వేడెక్కుతుంది. వేడి హద్దు దాటితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఈ మూడింటి మధ్య సరైన చోటు పట్టుకోవాలి. కొలిచేవాడికి ఇంతకంటే ఏం కావాలి? బండల కొలతలు రాసే పొడుగు పుస్తకం ఒకటి తెచ్చి గీతలు కొట్టాను. వేగం, వోల్టేజీ, వేడి, బొమ్మకు పట్టిన సెకన్లు. రోజూ పొద్దున రైలుకు ముందు గంటసేపు, ఐదైదు మిల్లీవోల్టుల చొప్పున దించుతూ, ఎక్కిస్తూ మూడు వారాలు కూర్చున్నాను. తాండూరు బండ చల్లగా ఉంటుంది కదా అని కంప్యూటర్ డబ్బా కింద ఒకటి పెట్టి చూశాను. ఒక్క డిగ్రీ తగ్గలేదు. తగ్గలేదని కూడా రాసుకున్నాను.

చివరికి యాభై రెండు సెకన్ల దగ్గర స్థిరపడ్డాం, ప్రాసెసరూ నేనూ. లెక్క కట్టి మా బిడ్డకు ప్రకటించాను: "నాలుగు ఇరవై నాలుగుకు అయిపోతది."

"డాడీ, మధ్యల ఆగదు గదా?"

"మూడు వారాల లెక్కలున్నయి బిడ్డా. ఫికర్ జెయ్యకు."

ఇక్కడ మా యూనిట్ సంగతి ఒకటి చెప్పాలి. సాయంత్రం పని దిగాక అందరూ గేటు దగ్గర వరసగా నిలబడి, తువ్వాలతో ఒకరి వీపు ఒకరు కొట్టుకుని రాతిపొడి దులుపుకుంటారు. నేను కలం జేబులో పెట్టుకుని పక్కన నిలబడేవాణ్ని. కోత మిషన్ నడిపే పెద్దాయన రోజూ పిలిచేవాడు.

"సాబ్, మీ వీపు గూడ తెల్లగున్నది. రెండు దెబ్బలు ఏయనియ్యుండ్రి."

"నేను మిషన్ కాడ ఉండను గదా భాయ్."

"పొడికి గా ముచ్చట ఎర్కలేదు సాబ్."

నేను నవ్వి రైలెక్కేవాణ్ని.

ఆదివారం ఆరుకు మొదలైంది. పదకొండున్నర కూడా కాలేదు, సరిగ్గా పదకొండు పన్నెండుకు తెర నల్లబడింది. మూడు వందల అరవై బొమ్మలు అయ్యాయి, ఇంకా అన్నే మిగిలాయి. ఏప్రిల్ ఎండకు గది పొయ్యిలా ఉంది. మూడు వారాలూ నేను పొద్దున చల్లగాలిలోనే పరీక్షించానని అప్పుడు గుర్తొచ్చింది. మా బిడ్డ గడియారం వంక చూసింది. తిట్టినా బాగుండేది.

నేను పుస్తకం తెరిచి, "పది మిల్లీవోల్టులు పెంచుత," అన్నాను.

పక్క గదిలో బట్టలు కుడుతున్న మా ఆవిడ లేచి వచ్చింది. డబ్బా మీద చెయ్యి పెట్టి చూసింది.

"జర పక్కకు జరుగుండ్రి. దీన్ల ఎన్నడన్న దుమ్ము దీసిండ్రా?"

నా పుస్తకంలో ఆ గీత లేదు.

పక్క రేకు విప్పింది. ప్రాసెసర్ మీది ఫ్యాన్ కింద సన్నని రేకుల మధ్య బూడిద రంగు పొడి గట్టిగా పేరుకుపోయింది. మా ఆవిడ వేలితో తీసి నలిపి, డబ్బా పక్క కొక్కెం వైపు చూసింది. రోజూ సాయంత్రం ఇంటికి రాగానే నేను చొక్కా విప్పి తగిలించే కొక్కెం అది.

"బయట దులుపుకొని రాండ్రని చెప్తె, నేను లెక్కలు రాసెటోన్ని అంటిరి," అంది.

"మమ్మీ, డాడీ ఒక చేత్తోని సల్లబరుస్తున్నడు, ఇంకో చేత్తోని బండల పొడి పోస్తున్నడు," అంది మా బిడ్డ. పొద్దుటినుంచి అదే మొదటి నవ్వు.

కుట్టుమిషన్‌లో పోగులు తీసే చిన్న బ్రష్‌తో మా ఆవిడ ఆ పొడంతా తీసింది. మా బిడ్డ నా వేగాలూ వోల్టేజీలూ తీసేసి అన్నీ మామూలు స్థితికి తెచ్చింది. నేను టార్చి పట్టుకున్నాను. ఆ ఇద్దరూ నాకు అప్పగించిన పని అదే. సరిగ్గా పన్నెండుకు, మిగిలిన బొమ్మలతో మళ్లీ మొదలైంది.

మొదటి బొమ్మ నలభై నాలుగు సెకన్లకే వచ్చింది. నమ్మకం కుదరక రెండోది చేతి గడియారంతో కొలిచాను. నలభై నాలుగే. మిషన్ మామూలు వేగమని నేను రాసుకున్న అరవై సెకన్లు, నా చొక్కా పొడికి ఊపిరాడని ప్రాసెసర్ వేగం. దాన్నుంచి మూడు వారాల్లో ఎనిమిది సెకన్లు లాగాను. మా ఆవిడ బ్రష్ ఒక్క పూటలో పదహారు లాగింది.

చివరి బొమ్మ వచ్చేసరికి నాలుగు ఇరవై నాలుగు.

"నేను చెప్పిన టైముకే అయింది," అన్నాను.

మా బిడ్డ అప్పటికే బొమ్మలన్నీ వీడియోగా కూర్చే పనిలో పడింది. నాలుగు నలభై ఒకటికి వీడియో వెళ్లింది. అందిందని అటునుంచి మెసేజ్ వచ్చాక మా బిడ్డ నా పుస్తకం తీసుకుని, వోల్టేజీ గీత పక్కన మరో గీత కొట్టి పైన 'చొక్కా' అని రాసింది.

సోమవారం సాయంత్రం గేటు దగ్గర వరసలో నిలబడి వీపు తిప్పాను. పెద్దాయన తువ్వాల ఎత్తి ఆగాడు.

"ఏం సాబ్, ఇయ్యాల మిషన్ కాడ ఉన్నరా?"

"కొట్టు భాయ్," అన్నాను.

పదకొండు దెబ్బలు. ఇంటికి వెళ్లి రాసుకున్నాను.