నాయన పీకేసిన జొన్నమొక్కలు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఉండేది కాదు. ఎమ్మెస్సీ పట్టా చేతికొచ్చి, తిరుపతిలో ఒక పరిశోధనశాలలో చిన్న ఉద్యోగం దొరికిన మొదటి ఏడాది ఎవరికైనా అలాగే ఉంటుందేమో! జొన్నచొప్ప నుంచి ఇంధనానికి పనికొచ్చే చక్కెర తీయడం మా పని. చొప్పలో కణాల గోడలను లిగ్నిన్ అనే పదార్థం సిమెంటులా పట్టుకుని ఉంటుంది. జన్యువు మార్చి దాన్ని తగ్గిస్తే, ఎంజైమ్ పోసినప్పుడు గోడలు తేలిగ్గా విడిపోయి చక్కెర బయటికొస్తుందని మా మేడమ్ ఆశ. గ్రీన్‌హౌస్‌లో ఒక వరుసలో పన్నెండు మార్చిన మొక్కలు, పక్క వరుసలో పన్నెండు మామూలువి. నీళ్ళు పోయడం, చీటీలు కట్టడం నా వంతు. (బంధువులతో మాత్రం శాస్త్రవేత్తననే చెప్పుకునేదాన్ని.)

ఇంకో వారంలో కోత అనగా, తిరుచానూరులో అమ్మవారి దర్శనం చేసుకుని నాయన నన్ను చూడ్డానికి వచ్చాడు. సత్యవేడు దగ్గర సేద్యం ఆయనది. బయటివాళ్ళు లోపలికి రాకూడదని గ్రీన్‌హౌస్ తలుపు మీద రాసి ఉంది. (రాసింది నేనే.) అయినా గొప్ప చూపించుకోవాలనే యావలో ఆయన్ని లోపల కూర్చోబెట్టి కాఫీ తేవడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పన్నెండు మొక్కలు వేళ్ళతో సహా లేచి, కట్టగా గోడకు ఆనించి ఉన్నాయి. కాఫీ నా కాలి మీద ఒలికింది. కాలిన సంగతి కూడా తెలియలేదు.

"కాడ మెత్తబడి వాలిపోయినాయి సూడమ్మా. ఏదో రోగం తగులుకున్నట్టుండాది. మిగతావాటికి అంటుకోకుండా పీకేసినా," అన్నాడు చేతులు దులుపుకుంటూ.

"నాయనా! మేం కష్టపడి తయారుచేసినవే అవి! నీకేం తెలుసని ముట్టుకుంటివి?" అని అరిచాను. పుట్టి బుద్ధెరిగాక ఆయన మీద గొంతు లేపడం అదే మొదలు. నా కేకకు మేడమ్ పరుగెత్తుకొచ్చి, కట్టను చూసి, నన్ను చూసి, "ముందు కొలతలు తీసుకో. ఏడ్చేది తర్వాత," అంది. నాయన బస్సెక్కి వెళ్ళిపోయాడు.

చీటీలు చూస్తే, పీకినవాటిలో ఒకటి మామూలు వరుసది. మార్చిన వరుసలో ఒకటి ఇంకా నిలబడే ఉంది. నాయన కూడా పొరబడ్డాడులే అని లోలోపల కాస్త సంతోషించాను. జన్యుపరీక్ష ఫలితం వచ్చేదాకే ఆ సంతోషం. ఆయన పీకిన పన్నెండూ మార్చిన మొక్కలే! ఆయన రోగమనుకున్న మెత్తదనం లిగ్నిన్ తగ్గడం వల్ల వచ్చిందే. రెండు కుండీల చీటీలు తారుమారుగా కట్టింది నేను. అలాగే కోసి ఉంటే లెక్కలన్నీ తప్పేవి. చొప్పను ఆరబెట్టి, పొడిచేసి ఎంజైమ్ పోస్తే, ఆ కట్టలోంచే చక్కెర ఎక్కువగా వచ్చింది. మేడమ్ కోప్పడలేదు, నవ్వలేదు. "మీ నాయనకు ఫోన్ చెయ్యి," అంది.

గోడలు, చక్కెర, చీటీలు అన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు.

"అంతా బాగుండాది గానీ, గాలికి నిలబడని పైరును మేం సేద్యం చేసేదెట్లమ్మా?" అన్నాడు.

తరువాతి ఏళ్ళన్నీ ఆ ప్రశ్నతోనే గడిచాయి, ఇంకా తెగలేదు. క్షమించమని అడగడానికే ఫోన్ చేసినదాన్ని, ఆ ఒక్క మాట తప్ప అన్నీ చెప్పి పెట్టేశాను. అప్పటి నేను, అన్నీ తెలుసనుకున్న ఆ పిల్ల, ఇప్పుడు ఎదురైతే నవ్వకుండా ఉండలేను గానీ, ఆ ఒక్క మాట చెప్పమని నాయన నంబరు మాత్రం మళ్ళీ నేనే కలిపిస్తాను.