డ్రైవర్ని దింపేస్తారు

యుద్ధం మా ఇంట్లోకి మొదట నూనె ప్యాకెట్‌తో వచ్చింది. రష్యావాళ్లు ఉక్రెయిన్ మీదికి ట్యాంకులు తోలిన కొత్తలో, బస్తర్ అడవుల మధ్య ఉన్న మా కిరండూల్ బజారులో పొద్దుతిరుగుడు నూనె ధర ఉన్నట్టుండి ఎగిరిపోయింది. "ఎక్కడో ఆళ్లూ ఆళ్లూ కొట్టుకుంతే మన పోపుకేటి సంబంధం?" అని అమ్మ కొట్టువాడితో తగువు పెట్టుకుంది. ఆ పువ్వు అక్కడే విరివిగా పండుతుందని మావారు ఎంత చెప్పినా ఆవిడ నమ్మలేదు. వారం పది రోజుల్లో అంతా తేలిపోతుందని టీవీవాళ్లూ, మా రైల్వే క్వార్టర్స్ అరుగుల మీది మేధావులూ ఒక్క గొంతుతో తీర్పు చెప్పారు. తేలలేదు. ఏడాది తిరిగేసరికి టీవీ వేరే కబుర్లలో పడింది. నూనె ధరకు మేమూ అలవాటు పడ్డాం.

మాది విజయనగరం పక్క. నాన్న పోయాక అమ్మా, పెళ్లికాని తమ్ముడూ నా దగ్గరికే వచ్చేశారు. మావారు ఇనుపరాయి మోసే గూడ్సు బళ్లకు గార్డు. తమ్ముడు గని కాంట్రాక్టర్ల దగ్గర డోజర్ నడపడం నేర్చుకుని, బీజాపూర్ వైపు అడవిలో రోడ్లు వేసే ఒక కాంట్రాక్టర్ దగ్గర చేరాడు. వాడు కొండను తోసేస్తాడు గానీ తిన్న కంచం తోసి పక్కన పెట్టడని నేను ఆటపట్టించేదాన్ని.

యుద్ధం గురించి మాకు ఒకరు చెప్పాలా అన్నట్టుండేవాళ్లం అప్పట్లో. బస్తర్‌లో ఇన్నేళ్లుగా కాపురం చేస్తున్నాం. నక్సలైట్లు బంద్ అంటే పాసింజరు దంతెవాడలోనే ఆగిపోతుంది, అక్కణ్నుంచి జీపెక్కి ఇల్లు చేరాలి. రోడ్డు మూసేస్తే పాలు రావు. పాలు రాకపోతే టీ నల్లగా తాగుతాం. మా టౌన్‌షిప్ ఎరిగిన యుద్ధం అంతమాత్రమే. లోపలి ఊళ్లలో కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లులు ఎరిగినది వేరు. వాళ్లు సంతలో మాకు చింతపండు అమ్మేవాళ్లు, మేం బేరమాడేవాళ్లం. వాళ్ల కొడుకుల గురించి ఏనాడూ అడగలేదు.

ఒకసారి మాత్రం అది మా ఇంటిదాకా వచ్చింది. తమ్ముడు రోడ్డు పనిలో ఉండగా అడవిలోంచి కొందరు తుపాకులతో వచ్చారు. వాణ్ని డోజర్ మీంచి దిగమన్నారు. ఈ పనికి మళ్లీ రావద్దని గోండీలో కొంత, హిందీలో కొంత మందలించి, దూరంగా నిలబెట్టి, దాని డీజిలే దాని మీద పోసి తగలబెట్టారు. వాడు నడుచుకుంటూ రోడ్డెక్కి, దొరికిన జీపులో ఇంటికొచ్చేశాడు. అమ్మ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది. నేను వాణ్ని పట్టుకుని ఏడ్చాను. నిజానికి ఈ ప్రాంతంలో అది చాలామంది డ్రైవర్లు చూసినదే. బండి కాలుతుంది, డ్రైవరు ఇంటికొస్తాడు. అది మొదలు కుళాయి దగ్గర ఎవరు కంగారు పడినా అమ్మ అదే ధైర్యం చెప్పేది. "బండిని తగలెట్టీసి డ్రైవర్ని దింపేత్తారు. పనోడితో ఆళ్లకేటి పగ?"

రెండేళ్ల తర్వాత ఒక ఏజెంటు తగిలాడు. రష్యాలో డోజర్ పని, సైన్యానికే గానీ సైన్యంలో కాదు, ముందు వరసకు చాలా వెనక, రోడ్లు వేయాలి, మట్టి తవ్వాలి, అంతే అన్నాడట. తమ్ముడితో పనిచేసే, బీజాపూర్ అవతల తర్లగూడ అనే ఊరి కుర్రవాడు అప్పటికే ఒప్పుకున్నాడు. యుద్ధం జరిగే దేశానికి ఎవరైనా కోరి వెళ్తార్రా అని నేను గట్టిగానే అరిచాను.

"ఇక్కడ జరగట్లేదేటే అక్కా? పోలీసు క్యాంపులకి రోడ్డు నేను ఎయ్యలేదేటి?" అన్నాడు వాడు.

క్యాంపుల్లో వంటవాళ్లు, నీళ్ల ట్యాంకరువాళ్లు, రోడ్డు కూలీలు పొద్దున వెళ్లి సాయంత్రం వస్తూనే ఉన్నారు మా కళ్ల ముందు. అమ్మ తన మాట తను అంది. దింపేస్తారు, పనోడితో పగేమిటి అని. దూరపు కొండలు నునుపు అంటారు. మేం అంతకన్నా తెలివితక్కువగా, దూరపు కొండ కూడా మా బైలడిల్లా గనుల కొండలాగే ఉంటుందనుకున్నాం.

వాడు వెళ్లనే వెళ్లాడు. రష్యాలో దిగిన వారానికే వీడియో కాల్‌లో వాడి ఒంటిమీద యూనిఫాం కనిపించింది. చదవడం రాని భాషలో ఏవో కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారట. "చలికి ఇచ్చారే అక్కా, మందంగా ఉంది" అన్నాడు. మొదట్లో వీడియోలు పంపేవాడు. మంచు, మోడుచెట్లు, పసుపు రంగు డోజరు. మట్టి గురించి మహా సంబరంగా చెప్పేవాడు. నల్లటి మట్టి, వెన్నలా తెగుతుంది, మన ఎర్రరాయిలా పళ్లు విరగ్గొట్టదు అని. ముందు రోడ్డు అన్నాడు. తర్వాత సైనికులు దాక్కునే కందకాలు అన్నాడు. ఆ తర్వాత ఏం తవ్వుతున్నాడో చెప్పడం మానేశాడు. అడిగితే "తవ్వమన్నది తవ్వుతున్నాను" అన్నాడు. ఆ తర్వాత ఫోనే రాలేదు.

మావారు సెలవులు పెట్టి తిరిగారు. దంతెవాడలో అడిగితే ఢిల్లీ అన్నారు. ఢిల్లీవాళ్లు విచారిస్తున్నామన్నారు. చాలా నెలలకు వాణ్ని 'లాపతా'గా, అంటే ఆచూకీ లేనివాడిగా రాసుకున్నారని తెలిసింది. "దొరకనేదనే కదా అన్నారు. పోయాడనలేదు కదా" అంది అమ్మ. ఆ మాట పట్టుకుని మళ్లీ అన్నం తినడం మొదలుపెట్టింది.

ఆ చలికాలంలో తర్లగూడ కుర్రవాడు తిరిగొచ్చాడు. ఎడమచేతికి వేళ్లు లేవు. ఇంటికి వెళ్లిన కొన్నాళ్లకే, ఫోన్‌లో చెప్పడం ఇష్టంలేక, బస్సులు మారి మా క్వార్టర్‌కు వచ్చాడు. అమ్మ ముందు నేలమీద కూర్చున్నాడు. కుర్చీ వేస్తే వద్దన్నాడు.

"మేమిద్దరం ఒక్క కాడనే ఉన్నమమ్మా. నేను గుంత సాపు చేస్తున్న. అన్న బండి మీద ఉన్నడు. పైన తూనీగ లెక్క మోత ఇనొచ్చింది. నేను గుంతల దుంకిన."

"మావోణ్ని దిగమన్నేదా?" అంది అమ్మ.

వాడికి అర్థం కాలేదు. నా వైపు చూశాడు. అమ్మ మళ్లీ అడిగింది. "బండిని కాల్సీముందు ఆడ్ని దిగమనాలి కదా బాబూ. అనలేదేటి?"

"ఏందమ్మా, ఎవరంటరు? పైన మనిషే లేడు గదా. అది డ్రోను. దాన్ని నడిపెటోడు ఏడనో కూసుంటడు."

బండి కాలి చల్లారాక కూడా అక్కడి సైన్యంవాళ్లు ఎవర్నీ దగ్గరికి పోనివ్వలేదట. పోనిచ్చినా ఏరడానికి ఏమీ లేదని, వాడు వెళ్లేటప్పుడు మావారికి ఒక్కరికే వాకిట్లో చెప్పాడు. నేను తలుపు వెనక విన్నాను. అమ్మ వాడికి పెరుగన్నం కలిపి, ఎడమచేత్తో కంచం పట్టుకోలేకపోతున్నాడని తనే పట్టుకుంది.

ఆవిడ ఏడవలేదు. నాకు అది భరించరానిదైంది. ఫోను ఛార్జింగ్ తీయనివ్వదు. వీధి తలుపు గడియ వేయనివ్వదు. చూడని ఆ దేశం మీద, వెచ్చటి గదుల్లో కూర్చుని ఈ పిల్లల్ని ఆ బురదలోకి తోస్తున్నవాళ్ల మీద, ఆ ఏజెంటు మీద నాకు ఒళ్లు మండిపోయేది. ఆ మంటంతా చివరికి అమ్మ మీదే చూపించేదాన్ని. ఆవిడ ఒక్కసారి గుండె పగిలేలా ఏడిస్తే బతుకుతుందని నా నమ్మకం. అందుకే కర్మ చేయించేద్దామని నేనే పట్టుబట్టాను.

శవం దొరకనివాళ్లకు మోదుగాకులతో మనిషిని చేసి దహనం చేసే పద్ధతి ఉంది. కంటితో చూసినవాడు చెప్పాడు కాబట్టి ఏళ్ల తరబడి ఆగనక్కర్లేదని పంతులుగారు చెప్పారు. అమ్మ ఒప్పుకోలేదు. "బతికున్నోణ్ని నా సేతుల్తో కాల్సమంతావేటే?" అని నన్ను తిట్టింది. పంతులుగారినే ఇంటికి పిలిచాం. అమ్మ ఆయన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"అంతా అయిపోనాక ఆడొచ్చెత్తే ఏటి సేత్తారు?"

ఆయన మంచివాడు. తడుముకోకుండా చెప్పారు. "వస్తే శాస్త్రంలో దారుందమ్మా. కర్మ చేసినవాడు తిరిగొస్తే అప్పుడే పుట్టినట్టు లెక్క. స్నానం చేయించి, జాతకర్మ చేసి, మళ్లీ నామకరణం చేస్తాం."

అమ్మ చీరకొంగు మడతలు పెట్టుకుంది. తర్వాత మంచిరోజు చూడమంది.

మోదుగలు పూత రాల్చి కొత్తాకు వేసే రోజులు. ఆకులు నేనే సంతలో కొన్నాను. విస్తళ్లు కుట్టుకోవడానికి కట్టలు కట్టి అమ్ముతారు. "షాదీ హై క్యా, దీదీ?" అంది అమ్మే ఆవిడ నవ్వుతూ, ఇన్ని కట్టలా అని. అవును, పెళ్లేనన్నాను. కొసరుగా ఇంకో కట్ట చేతిలో పెట్టింది.

కర్మ చేయడానికి మా చిన్నాన్న కొడుకు విజయనగరం నుంచి వచ్చాడు. దంతెవాడలో ఏటి ఒడ్డున, గని మట్టి కలిసిన ఆ ఎర్రనీళ్ల పక్కన, పంతులుగారు తలకు కొబ్బరికాయ పెట్టి, ఆకుల్ని కట్టలుగా పేర్చి కాళ్లూ చేతులూ చేయించారు. ఆడవాళ్లు రాకూడదన్నా అమ్మ వచ్చింది, ఆవిడ వెంట నేనూ వెళ్లాను. ఆపే ధైర్యం ఎవరికీ లేదు. పేర్చడం అయ్యాక ఆవిడ చూసి, "ఆడు ఇంకాస్త పొడుగు" అంది. పంతులుగారు కాళ్ల దగ్గర మరికొన్ని ఆకులు చేర్పించారు. నిప్పు పెడితే పచ్చాకు వెంటనే అంటుకోలేదు. పొగ మా మీదికే వచ్చింది. నేను ఏడ్చాను, మావారు ఏడ్చారు, చిన్నాన్న కొడుకు ఏడ్చాడు. అమ్మ కళ్లు తుడుచుకుంది గానీ అది పొగకే.

మిగిలిన రోజుల కర్మలు కూడా అక్కడే, ఏ లోటూ లేకుండా జరిగాయి. ఆఖరి రోజు స్నానాలు చేసి జీపులో కిరండూల్ బయల్దేరాం. అమ్మ నా పక్కన కూర్చుంది. ఇక దిగులు బయటపడుతుంది, ఇక ఏడుస్తుంది అని నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ఎదురుచూస్తున్నాను. బచేలి దాటాక నా వైపు తిరిగింది. ముఖం తేటగా ఉంది.

"ఏటే, ఈపాలి ఆడికేటి పేరెడదాం?"

మావారు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. అమ్మ నా చేతిని కుదిపి మళ్లీ అడిగింది. నేను ఒక పేరు చెప్పాను. అది బాగులేదంది. ఇంకొకటి చెప్పమంది.