డిప్యుటేషన్ సారు

మా విద్యాశాఖకు పైన మంత్రి, కార్యదర్శి, డైరెక్టర్. వాళ్ల కింద జిల్లాకొక డీఈఓ, మండలానికొక ఎంఈఓ. ఇంతమంది పైన కూసుంటే, అబ్దుల్లాపూర్‌మెట్ దాటినంక ఉన్న మా ప్రాథమిక పాఠశాల పిల్లల ముందర నిలబడేది నేనొక్కదాన్నే. ఐదు తరగతులు, ఒక్క టీచరు.

నిజానికి మేం ఇద్దరం. రెండో సారు జీతం మా బడి పేరు మీదనే తీస్తడు గని, డిప్యుటేషన్ అని చెప్పి ఏండ్ల సంది జిల్లా ఆఫీసుల ఫ్యాన్ కింద కూసున్నడు. అదిగాక అక్కడినుంచి రోజూ నాకే ఫోను చేసేటోడు: "మేడమ్, మీ బడి వివరాలు ఇంకా రాలే." మీ బడి అట. ఒళ్లు మండేది.

మా అమ్మను దిల్‌సుఖ్‌నగర్‌ల దవాఖానల చేర్పించినప్పుడు వారం సెలవు అడిగిన. నేను రాకుంటే బడి మూతపడ్తది. "మీ రెండో సారు ఆ వారం వస్తనంటే సెలవిస్తా" అన్నడు ఎంఈఓ. రెండో సారుకు ఫోన్ చేసి బతిమిలాడిన. "ఆఫీసు పని ఇడిసిపెట్టి నేనెట్ల వస్త మేడమ్? డాక్టర్లు చూస్తరు గదా, మీరుండి చేసేదేముంది?" అన్నడు.

రోజూ బడి అయినంక ఎల్‌బీ నగర్ ట్రాఫిక్‌ల పడి పోయేసరికి అమ్మ, "రేపన్న నా దగ్గరుంటవా బిడ్డా?" అని అడిగేది. ఒకరోజు పిల్లలకు మధ్యాహ్నం గుడ్లు పంచుతుంటే ఫోనొచ్చింది. అమ్మ పోయింది. అప్పటి సంది ఆయన మీద పగ పట్టిన. దాచుకునేదేముంది.

కొన్ని నెలలకు కొత్త డీఈఓ మేడమ్ తనిఖీకొచ్చింది. ఆమె ఎనుక ఫైళ్లు పట్టుకొని మా రెండో సారు. మూడో తరగతి పిల్లను లేపి చదువుమన్నడు. పిల్ల తడబడ్డది. "టీచర్ శ్రద్ధ పెడుతలేదు మేడమ్," అన్నడు, నా మొఖం చూడకుండనే.

నేను నెమ్మదిగ పిల్లను అడిగిన. "ఈ సారెవరో ఎరుకేనా?"

"తెల్వది టీచర్."

"మీ తరగతికి రావాల్సిన సారు ఈయనే బిడ్డా. మన బడికే పెట్టిండ్రు. దండం పెట్టు."

పిల్ల దండం పెట్టింది. ఆయన మొఖం మాడిపోయింది. నా కడుపు చల్లబడ్డది. "మీ పోస్టింగ్ ఇక్కడేనా?" అని డీఈఓ మేడమ్ అడిగితే నసిగిండు. వారం తిరగకముందే డిప్యుటేషన్ రద్దయింది.

సోమవారం టిఫిన్ డబ్బా పట్టుకొని బడికొచ్చిండు. తెల్లారి నుంచే నేను వారం సెలవు పెట్టిన. ఐదు తరగతులూ ఆయన నెత్తిన ఏసి ఇంట్ల కూసున్న. "పిల్లలు మాట వింటలేరు మేడమ్, జర తొందరగ రాండ్రి," అని ఫోన్ మీద ఫోన్. ఆ గొంతుల ఏడుపు వింటుంటే తియ్యగనే ఉండె.

రెండోనాడు పొద్దుగాల స్నానం చేసి, చీర కట్టుకొని, కర్మన్‌ఘాట్‌ల మా ఇంటికి తాళమేసి రోడ్డు మీదికొచ్చిన. సెలవైతే దొరికింది, ఎవరి దగ్గర పోయి కూసోవాలె? మళ్ల ఇంట్లకే పోయిన. ఆయన ఫోన్ మోగుతనే ఉంది. ఎత్తలే.