ముప్పై సెంటీమీటర్ల వంతెన

ముందుగా పోయినవి. పంతొమ్మిది ఆదివారాలు. రెండు ఫ్లాపీలు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న కంప్యూటరు తాలూకు మానిటరు ఒకటి. తొమ్మిదేళ్ళ ఉద్యోగం. మా యజమానిగారి ఎడమకాలి చెప్పు. ఇవి కాక ఒక పదమూడు ఉంది. అది ఇంకా వసూలు కాలేదు కనుక చివర్న వేస్తాను.

తొంభైల చివర్లో నేను రాజమండ్రిలో ఒక ప్రైవేటు డిజైన్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. వంతెనలకూ తూములకూ డ్రాయింగులు గీసి ఇచ్చే ఆఫీసు. యజమాని రిటైరైన ఇంజినీరు. నేను ఇంటర్‌తో ఆగినవాణ్ణి. డిగ్రీ లేనివాడి లెక్క తప్పయితే చదువు లేక తప్పు, ఒప్పయితే పొరపాటున ఒప్పు. ఈ సూత్రం మా ఆఫీసులో ఇంజినీర్లు పాటించే ఏ కోడ్ పుస్తకం కంటే గట్టిగా అమలయ్యేది.

అప్పుడు కోనసీమ వైపు గోదావరి పాయ మీద ఒక వంతెన పని వచ్చింది. ఆధారానికీ ఆధారానికీ మధ్య ముప్పయ్యేసి మీటర్ల స్పాన్‌లు పది, మధ్యలో పియర్లనే స్తంభాలు తొమ్మిది, రెండు ఒడ్డుల గోడలు, వెరసి పదకొండు ఆధారాలు. పియరు నెత్తిన, రోడ్డును మోసే దూలం, అదే గర్డరు, దాని చివర ఊరికే ఆని ఉంటుంది. ఎంత మేర ఆనాలన్నదే ప్రశ్న. డ్రాయింగులో ముప్పై అయిదు సెంటీమీటర్లు ఉంది. భూకంపంలో పక్కపక్క పియర్లు ఒకదానికొకటి ఎడంగా జరిగి ఆ మేర చాలకపోతే గర్డరు ఏట్లో పడుతుంది. దాని మీద బస్సుంటే బస్సు కూడా.

అందరూ వేసే లెక్కలో నేలంతా ఒక్కసారే, ఒక్కలాగే కదులుతుంది. ప్రభుత్వ జీవో కూడా అన్ని ఆఫీసులకూ ఒకేరోజు అందదు గానీ, భూకంపం మాత్రం మూడొందల మీటర్ల పొడవునా ఒకే క్షణంలో అందాలి. నిజానికి అల ఒక పియరును ముందు తాకుతుంది, పక్కదాన్ని కాస్త ఆలస్యంగా తాకుతుంది. దారిలో చెదురుతుంది. ఇసుకను ఒకలా, బంకమట్టిని ఇంకోలా ఊపుతుంది. కాబట్టి పదకొండు చోట్లకీ పదకొండు ఊపులు తయారుచెయ్యాలి. వాటి మధ్య చుట్టరికపు పోలిక ఉండాలి: దగ్గరివాళ్ళతో ఎక్కువ, దూరపువాళ్ళతో తక్కువ. వందలకొద్దీ చిన్న అలలను కలిపి అలాంటి ఊపులను కంప్యూటరులో పుట్టించే పద్ధతి ఒకటి పాత పుస్తకాల కొట్లో దొరికింది. ఆదివారాలు దానికే పోయాయి.

మొదటి ప్రింటు చూసి యజమానిగారు ముచ్చటపడ్డారు.

“చూశారా! పదకొండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. భూమి ఒక్కటేనండీ. దీనికి ఇన్ని ఆదివారాలా?”

ముప్పై నాలుగు సెంటీమీటర్లు ఆనితే చాలునని తేలింది. ఒకటి మిగులు. రిపోర్టు బైండింగుకు వెళ్ళిపోయింది.

అంత చక్కగా కుదిరిన లెక్కంటే నాకు అనుమానం. తిరగేసి చూస్తే, స్పాన్ పొడవు వేసే గడిలో ముప్పై మీటర్లను కిలోమీటర్లు చేసి వేశాను: 0.03. ప్రోగ్రాము దాన్ని మీటర్లనుకుంది. అంటే పియరుకూ పియరుకూ మధ్య మూడు సెంటీమీటర్లు. పది స్పాన్‌లూ కలిపి ముప్పై. బడిపిల్లల స్కేలంత వంతెన. దాని కింద నేల ఒక్కలాగే కదలక ఏం చేస్తుంది?

దూరాలు సరిచేసి, ఇసుక పోయి బంకమట్టి మొదలయ్యే చోటు కూడా చూపించి మళ్ళీ నడిపాను. అయిదో పియరు దగ్గర నలభై ఎనిమిది సెంటీమీటర్లు కావాలంది.

“ఏంటండీ ఇది? పదకొండు భూకంపాలా? మన జిల్లాకి ఒక్కటి రావడమే గగనం!”

“ఒక్కటేనండి. అందరికీ ఒకేసారి అందదంతే. పెళ్ళి బంతిలో పప్పు చివరాకు దాకా ఎప్పుడొస్తుందండీ?”

“మీరెప్పుడూ చివరాకు దగ్గరే కూర్చుంటారు. అదండీ మీ బాధ.”

ఆ వారమే ఇద్దరం సైటు చూడబోయాం. ఏరు దాటాల్సింది పంటు మీద. రెండు పడవలను పక్కపక్కన కట్టి పైన బల్లలు పరుస్తారు, అదే పంటు. పక్క నుంచి లాంచీ ఒకటి పోయింది. “ఇప్పుడు చూడండి” అన్నాను. అల మొదటి పడవను ఎత్తింది. అది దిగుతుంటే రెండోది లేచింది. మధ్యలో ఒక బల్ల జరిగి సందు తెరుచుకుంది. ఆయన ఎడమకాలి చెప్పు అందులోంచి గోదావరిలో కలిసింది.

పంటు నడిపేవాడు నవ్వాడు. “రెండు పడవల మీద కాలెడితే అంతేనండి బాబూ!”

“నేను చెప్పేదీ అదేనండీ” అన్నాను. అనకుండా ఉండాల్సింది.

ఆయన ఒంటి చెప్పుతో ఒడ్డెక్కారు. “అవి నీళ్ళండీ. ఇది నేల. అయినా బైండింగయిపోయింది, బంగారు అక్షరాలు కూడా పడ్డాయి. ఇప్పుడు పియరు నెత్తి పెంచాలంటే డ్రాయింగు మార్చాలి, ఎస్టిమేటు మార్చాలి, తప్పు చేశామని రాసివ్వాలి. ఎవరు రాస్తారు?”

“నేను రాస్తానండి. తప్పు నాదే కదా.”

“మీకు డిగ్రీ లేదు కదండీ. మీ తప్పు చెల్లదు.”

అయినా రాశాను. రెండు లెక్కలూ జతచేసి, పని అప్పగించిన ఆఫీసుకు నేనే పంపాను. జవాబు వచ్చింది, రాలేదనను. సంతకం చేసినవారి విద్యార్హత తెలుపగోరారు. తెలిపాను. దాంతో ఉత్తరాలూ ఆగాయి, ఉద్యోగమూ ఆగింది.

వంతెన అయింది. కొబ్బరికాయలు కొట్టారు. భూకంపం ఇప్పటిదాకా రాలేదు కనుక యజమానిగారి లెక్క ఇప్పటిదాకా ఒప్పే. అది ఎప్పటికీ ఒప్పుగానే ఉండాలని నా అంతగా కోరుకునేవాడు ఈ రెండు గోదావరి జిల్లాల్లోనూ ఉండడు. ఆ దారిన వెళ్ళాల్సి వస్తే బస్సులో కూర్చుని స్పాన్‌లు లెక్కపెడతాను. అయిదో పియరు మీద చక్రాలు టక్కుమంటాయి. పక్కన కూర్చున్నవాళ్ళకు అది అతుకు చప్పుడు.

బైండు చేసిన ఆ రిపోర్టు ప్రతి ఒకటి మా ఇంట్లో ఉంది. అక్షరాల బంగారం పోలేదు. లోపల వంతెన పొడవు ముప్పై సెంటీమీటర్లే. గడిలో ఆ సున్నాలు వేసిన చెయ్యి నాదే కాబట్టి బాకీదారుల్లో నా పేరు కూడా రాసుకున్నాను. అయిదో పియరు నెత్తిన ఉండాల్సింది నలభై ఎనిమిది. ఉన్నది ముప్పై అయిదు. నేటికీ బాకీ పదమూడు సెంటీమీటర్లు.