మిగిలిపోయిన టైమౌట్లు

ఎల్డన్ క్రూగర్ కాగితం మిల్లులో నలభై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. ఆదివారం మధ్యాహ్నాలు మార్లిస్ నడిపే బార్లో చివరి స్టూలు అతనిదే. టీవీలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆట ఆఖరి రెండు నిమిషాల్లో పడగానే వేయించిన చీజ్ ముక్కల పళ్లెం పక్కకి నెట్టి, మిల్లువాళ్లిచ్చిన చేతిగడియారం విప్పి ముందు పెట్టుకుంటాడు. మెడ అప్పటికే ఎర్రబడి ఉంటుంది.

ఆ రోజు స్కోరు సమం. బంతి అవతలివాళ్లది, అదీ మన గోలు ముంగిట. వాళ్లు తాపీగా ఆట గడియారాన్ని నడవనిస్తున్నారు. దాన్ని ఆపడానికి మన కోచ్ దగ్గర మూడు టైమౌట్లున్నాయి. ఆ పెద్దమనిషి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆపరా వెధవా. మనకీ ఒక నిమిషం మిగులుతుంది," అన్నాడు ఎల్డన్.

"ఆట ఓవర్‌టైమ్‌కి వెళ్తుందని దాస్తున్నాడేమో," అంది మార్లిస్.

"అక్కడ కొత్తవిస్తారు, ఇవి చెల్లవు. శవపేటికలో పెట్టించుకుంటాడా?"

ఆఖరి సెకనులో అవతలివాళ్లు బంతిని స్తంభాల మధ్యకి తన్ని గెలిచారు. టైమౌట్లు మూడూ మిగిలిపోయాయి. ఎల్డన్ బల్ల గుద్దాడు.

"చాల్లే," అంది మార్లిస్. "సముద్రం చూపించమని మీ ఆవిడ డోరిస్ పోయేదాకా అడిగింది. నువ్వు రిటైరైననాడు ఎన్ని సెలవులు మిగిలాయి?"

అతను గడియారం చేతికి పెట్టుకున్నాడు.

"తొంభై ఒకటి. ఒక్కటీ చెల్లలేదు. అందుకే వాడి మీద అరుస్తున్నా. డోరిస్ ఎప్పుడూ మెల్లగా అడిగేది."